కమాన్ కట్టలు: చార్ కమాన్ నుంచి మా నాయిన జీపు దాకా

పోయిన వానాకాలం ఓ ఆదివారం, వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ దిగుతుంటే నా జీపు వెనకాల 'టక్' మని ఓ చప్పుడు. ఆ తర్వాత ప్రతి గుంతకీ 'ధన్ ధన్'. దిగి కిందకి దూరి చూస్తే, వెనక కుడి పక్క కమాన్ కట్టని చాసిస్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ దగ్గర పగులొచ్చింది. కమాన్ కట్ట మాత్రం ఠీవిగా ఉంది, ఒక్క పట్టీ కూడా విరగలేదు. విరగదు మరి, దాన్ని 'గట్టి' చేయించింది నేనే కదా!

ఈ టపా ఆ పగులు గురించే. కాకపోతే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి నేను చార్మినార్ దాకా, అక్కణ్ణుంచి మా నాయిన దాకా వెళ్ళాల్సొచ్చింది. ఓపికుంటే రండి.

ముందు నా తప్పు ఒప్పేసుకుంటా. నాది పాత మహీంద్రా ఎమ్ఎమ్ 540. సెకండ్ హ్యాండో, థర్డ్ హ్యాండో, లెక్క నాకూ తెలీదు. కొన్న దగ్గర్నుంచి దానికి నగలు పెట్టడం మొదలెట్టా. ముందు ఇనప బంపరు, పైన క్యారియరు, వెనక రెండు జెర్రీ క్యాన్లు, పనిముట్ల పెట్టె, రెండో స్టెప్నీ. అన్నీ కలిపి 150 కిలోల పైనే. బండి వెనకాల కూలబడింది. నాలుగు వీడియోలు చూసి, 'బరువు పెరిగింది కాబట్టి పట్టీలు పెంచాలి' అని తేల్చుకుని, పాతబస్తీలో పురానాపూల్ దాటాక రోడ్డు పక్కన కమాన్ పని చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళా. డెబ్బై దాటి ఉంటాయి. అందరూ చాచా అంటారు, నేనూ అదే అన్నా.

ఆయన బండి వంక చూడకుండా మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఖాలీ చల్తీ క్యా, భర్ కే చల్తీ?" ఖాళీగా తిరుగుతుందా, నిండుగా తిరుగుతుందా అని.

"రెండూ చాచా. స్ట్రాంగ్ కావాలి. రెండు లావు పట్టీలు వేసెయ్యండి" అన్నా.

"నక్కో సాబ్. మోటా పట్టా డాలే తో పహ్లే వోయిచ్ టూట్‌తా" అన్నాడు. లావు పట్టీ వేస్తే ముందు అదే విరుగుతుందిట. పట్టీలు విప్పి, కాల్చి, పోయిన వంపు తిరిగి తెప్పిద్దాం, కింద ఒక్క సాయం పట్టీ వేద్దాం, చాలు అన్నాడు. నేను వినలేదు. బీటెక్ కదా! వేరే చోట వేయించుకున్నా. సరిగ్గా మూడు నెలలకి అనంతగిరి.

లెక్క తర్వాత వేశా. (ముందు వేయాల్సింది. మనం కోడ్ ప్రొడక్షన్‌కి తోసేశాక టెస్ట్ రాసే రకం కదా.) పట్టీ స్ప్రింగు గట్టిదనానికి ఇక్కడ మూడు విషయాలు చూడాలి. పట్టీల సంఖ్య, వెడల్పు పెరిగితే అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మందం పెరిగితే మాత్రం దాని ఘనంగా పెరుగుతుంది. నా బండికి ఒక్కో పక్క 6 మిల్లీమీటర్ల పట్టీలు 7 ఉండేవి. అవే రెండు ఎక్కువ వేసి ఉంటే గట్టిదనం సుమారు 29 శాతం పెరిగేది. నేను వేయించినవి 8 మిల్లీమీటర్లవి. అంటే ఒక్కోటి పాత పట్టీలు 2.37 కి సమానం. రెండు కలిపి 4.74. మొత్తం మీద 68 శాతం! బరువు పెరిగిందేమో వెనక ఇరుసు మీద పాతిక శాతం. పైగా ఆ క్యారియరూ క్యాన్లూ నెలకోసారి ట్రిప్పుకే. మిగతా రోజులు మణికొండ నుంచి ఆఫీసుకి ఖాళీ బండే.

ఇంకో సంగతి. ఒకే వంపు తిరిగేటప్పుడు లావు పట్టీ పై పొర ఎక్కువ సాగాలి. 6 కి బదులు 8 అంటే ఒత్తిడి 33 శాతం ఎక్కువ. చాచా చెప్పిన 'పహ్లే వోయిచ్ టూట్‌తా' కి పాఠ్యపుస్తకంలో అర్థం ఇదే. నా విషయంలో పట్టీ విరగలేదు, ఎందుకంటే అది వంగనే లేదు. వంగాల్సింది వంగకపోతే ఆ దెబ్బ ఎక్కడికో చోటికి పోవాలి. చాసిస్‌కి పోయింది. పైగా షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచేశా. అవి పాత స్ప్రింగుకి సరిపోయినవి. కొత్త గట్టిదనం ముందు అవి ఉన్నా లేనట్టే.

సరే, అసలు కథకొస్తా. హ్యాంగర్ వెల్డింగుకి మళ్ళీ సిగ్గులేకుండా చాచా దగ్గరికే వెళ్ళా. పని సాయంత్రం అవుతుందన్నాడు. ఏం చెయ్యను? నడుచుకుంటూ చార్మినార్ వైపు బయల్దేరా. పత్తర్‌గట్టీ మీదుగా మఛ్లీ కమాన్ కింద నుంచి పోతుంటే వెలిగింది, ఇదీ కమానే కదా అని!

తెలుగులో మనకి కమాను అంటే రెండర్థాలు. ద్వారం మీది వంపు, బండి కింది స్ప్రింగు. ఎప్పుడైనా ఆలోచించారా రెండింటికీ ఒకే మాట ఎందుకని? నేనైతే ఆలోచించలేదు. ఫారసీలో కమాన్ అంటే విల్లు. తీర్-కమాన్ అంటే విల్లంబులు. విల్లులా వంగి ఉంటుంది కాబట్టి రాతి వంపు కమాన్ అయింది. విల్లులా వంగి, విల్లులా తిరిగి లేస్తుంది కాబట్టి బండి కింద పట్టీల కట్ట కమాన్ కట్ట అయింది. 1591 లో చార్మినార్, దాని తర్వాత మూడునాలుగేళ్ళకే గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమాన్లు కట్టారు. మఛ్లీ కమాన్, కాలీ కమాన్, చార్మినార్ కమాన్, సెహెర్-ఎ-బాతిల్ కమాన్. నాలుగు శతాబ్దాలు దాటినా ఆటోలు, ట్రాలీలు, పెళ్ళి బారాత్‌లు అన్నీ వాటి కిందుగానే.

ఇక్కడ నాకు భలే నచ్చిన కాకతాళీయం ఒకటుంది. స్ప్రింగు సూత్రం చెప్పిన రాబర్ట్ హుక్ గుర్తున్నాడా, ఇంటర్ ఫిజిక్సులో? 'ఎంత లాగితే అంత బలం' అని. ఆయనే కమాను సూత్రం కూడా చెప్పాడు. గొలుసుని రెండు చివర్లా పట్టుకుని వేలాడదీస్తే ఏ వంపు వస్తుందో, దాన్ని తలకిందులు చేస్తే అదే బలమైన కమాను వంపు అని. ఈ రెండు సూత్రాలనీ ఎవరూ కొట్టేయకుండా అక్షరాలు తారుమారు చేసి, 1676 తేదీ వేసిన ఒకే పుస్తకం చివర అచ్చేయించాడు. (పేటెంటు కంటే చవకైన ఎన్‌క్రిప్షన్!) స్ప్రింగు గుట్టు 1678 లో తనే విప్పాడు. అప్పుడు గోల్కొండని ఏలుతున్నది మన తానీషా. చార్ కమాన్ కట్టిన మేస్త్రీలకి హుక్ అక్కర్లేకపోయింది. చాచాకీ అక్కర్లేదు. ఇది గొప్ప అని అనటంలేదు. చేతి లెక్క ఒకటి, కాగితం లెక్క ఒకటి, రెండూ లెక్కలే అంటున్నా అంతే.

రాయి నొక్కుడుకి ఆగుతుంది, వంపుకి ఆగదు. ఉక్కు రెండింటికీ ఆగుతుంది. గుర్రబ్బండ్లకి ఒకప్పుడు తోలు పట్టెడలు కట్టి, బండి డొక్కుని వాటికి వేలాడదీసేవారు. 1804 లో ఒబాడియా ఎలియట్ అనే ఇంగ్లీషాయన దీర్ఘవృత్తం ఆకారం స్ప్రింగులకి పేటెంటు పుచ్చుకున్నాడు. వాటితో బండ్ల తీరే మారిపోయింది. మోటారు కారు వచ్చినప్పుడు ఆ గుర్రబ్బండి స్ప్రింగునే ఎత్తుకెళ్ళింది.

ఆ మోటారు కార్లలో ఒకటి ఇప్పటికీ పాతబస్తీలోనే ఉంది. చౌమహల్లా పాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. సెల్ఫీ కూడా దిగి ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1911 లో ఆర్డరిచ్చాడు, బండి రాకముందే అదే ఏడు ఆగస్టులో పోయాడు. వెనక సింహాసనంలాంటి సీటు, పైన గుమ్మటంలా కప్పు. జనం ఆ వెండి పనితనం చూస్తారు. నేనీసారి కిందకి వంగి చూశా. గార్డు అనుమానంగా చూశాడు. ఆ రాజసం మొత్తాన్నీ మోస్తున్నవి పట్టీ స్ప్రింగులే. ఇప్పుడంటే 'ఆఫ్ రోడ్' అని హాబీగా అంటున్నాం గానీ, 1911 లో ఊరు దాటితే ఏ కారైనా ఆఫ్ రోడ్ కారే.

(అన్నట్టు, బండి మీద సింహాసనం పెట్టుకున్నది నిజాం ఒక్కడేనా? 1982 లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాను పైన వేదిక కట్టించి చైతన్యరథం అన్నాడు. పైన మనుషులు, మైకులు, లోపల సామాన్లు, రాష్ట్రమంతా పల్లె రోడ్లు. ఆ రథం గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. దాని కింద కమాన్ కట్టల గురించి ఎవరైనా ఒక్క పేజీ రాశారా? నాకైతే కనబళ్ళేదు.)

బరువు లెక్క జనానికి మొదలైంది మాత్రం బస్సులతో. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలెట్టారు. స్కాట్లాండు ఆల్బియన్ బస్సులు. మన ఆర్టీసీకి మూలం అదే. 1942 లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి ఆల్విన్ పెట్టారు. ఆల్విన్ అంటే మనకి ఫ్రిజ్జు, గడియారం గుర్తొస్తాయి గానీ వాళ్ళు బస్సు బాడీలు కూడా కట్టారు. చాసిస్ ఎక్కడో తయారయ్యేది, బాడీ ఇక్కడ. చాసిస్ చేసినవాడు ఓ బరువు అనుకుంటాడు, బాడీ కట్టినవాడు ఇంకో బరువు చేస్తాడు, ఎక్కేవాళ్ళు మూడో బరువు. ఈ మూడింటికీ మధ్య రాజీ కుదిర్చేవాడే కమాన్ మేస్త్రీ. ఇంటిగ్రేషన్ ఇంజనీర్ అన్నమాట :)

1980 ల్లో ఇదే ఆల్విన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న ట్రక్కులు మొదలెట్టింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికొచ్చింది. మహీంద్రాకీ హైదరాబాదుకీ చుట్టరికం అంతకంటే పాతది. 1945 లో ఆ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ ఎవరంటే మాలిక్ గులాం మొహమ్మద్, నిజాం ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసినాయన. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళి తొలి ఆర్థిక మంత్రి, 1951 లో గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948 లో ఇక్కడ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. వాళ్ళు 1940 ల చివర్లో బొంబాయి మజగాంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. నా 540 వాటికి మనవడో మునిమనవడో.

ఇహ జీపు సంగతి. ఇది అచ్చంగా బరువు కథే. 1940 లో అమెరికా సైన్యం ఓ చిన్న బండి కావాలంటూ మొదట అడిగిన బరువు 1,300 పౌన్లు. అంటే 590 కిలోలు. ఎవరివల్లా కాలేదు. తర్వాత 2,160 పౌన్లకి ఒప్పుకున్నారు. విల్లీస్ వాళ్ళ నమూనా 2,400 పైనే తూగింది. వాళ్ళ చీఫ్ ఇంజనీరు బార్నీ రూస్ బండి మొత్తం విప్పించి, ప్రతి ముక్కా తూచి, బోల్టులు కూడా పొడుగెక్కువైన చోట కోయించి, చివరికి పెయింటు ఎన్ని పూతలన్నది కూడా లెక్కేసి బరువు దింపాడని ప్రసిద్ధ కథ. ఆ ఇంజను మాత్రం వదల్లేదు. యుద్ధం అయ్యేలోపు విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షల 40 వేలకి పైగా జీపులు చేశారు. సైన్యం కాగితాల్లో దాని పేరు 'పావు టన్ను ట్రక్కు'. రోడ్డు మీద మోయాల్సింది 800 పౌన్లు, అంటే 363 కిలోలు. మనుషుల్లో చెప్పాలంటే ఆరుగురు.

ఆరుగురు! మా నల్గొండ జిల్లాలో ఆ మాట చెబితే నవ్వుతారు.

యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో 'డిస్పోజల్' జీపులొచ్చాయి. కంట్రాక్టర్లు, వేటగాళ్ళు, పోలీసులు, ఆ తర్వాత పల్లెల్లో ప్యాసింజర్లు. సైన్యానికి కూడా జీపులు చాల్లేదు. 1948 లో లండన్‌లో మన హైకమిషనర్ కృష్ణమీనన్ 80 లక్షలకి పాత జీపుల ఒప్పందం చేస్తే దిగినవి 155. స్వతంత్ర భారతంలో తొలి కుంభకోణంగా పేరుపడ్డది అదే. 1955 లో ఫైలు మూసేశారు. బోఫోర్స్ కంటే ముందు మనకి జీపు ఉందన్నమాట.

పెట్రోలు ధర 1973 తర్వాత మండిపోయాక ఇంకో బరువొచ్చింది. డీజిల్ ఇంజను. మహీంద్రాయే ట్రాక్టరు డీజిల్ ఇంజన్లు జీపులో పెట్టింది. తర్వాత ప్యూజో డీజిల్. రోడ్డు పక్క మెకానిక్కులు మటాడోర్ ఇంజను కూడా ఎక్కించారు. రూస్ బోల్టులు కోసి దింపిన బరువు అంతా తిరిగొచ్చి ముందు ఇరుసు మీద కూర్చుంది. ముందు కమాన్లు కుంగాయి. ఇప్పుడు ఆలోచించండి. ఇంజను మార్చిన కంపెనీ డ్రాయింగులు గీసుకుంటుంది. రోడ్డు పక్క మార్చినవాడికి ఎవరు గీస్తారు? అఫ్జల్‌గంజ్, పురానాపూల్, చాదర్‌ఘాట్ చుట్టుపక్కల సందుల్లో కొలిమి పెట్టుకున్నవాళ్ళు గీశారు, కాగితం మీద కాదు, నేల మీద సుద్దముక్కతో. పాత కట్ట విప్పి, పెద్ద పట్టీని నేల మీద పెట్టి వంపు గీత గీస్తారు. ఎంత లేవాలో దాని పైన ఇంకో గీత. ఎర్రగా కాల్చిన పట్టీని సుత్తితో కొట్టుకుంటూ ఆ రెండో గీతకి తెస్తారు. ఆ తర్వాత నూనెలో ముంచి, తిరిగి కొంచెం వేడి చూపిస్తారు. అది చెయ్యకపోతే పట్టీ గాజులా విరుగుతుంది, ఎక్కువ చేస్తే తీగలా వంగిపోతుంది. చాచా రంగు చూసి చెబుతాడు. థర్మామీటరు లేదు.

పట్టీలన్నీ ఒకే వంపు ఉండవు, గమనించారా? చిన్నపట్టీ ఎక్కువ వంపు, పెద్దపట్టీ తక్కువ. విడివిడిగా పెడితే మధ్యలో సందు కనిపిస్తుంది. సెంటర్ బోల్టు బిగిస్తే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. బరువు పడకముందే పెద్దపట్టీకి కొంత విశ్రాంతి దొరుకుతుంది. ఇంజనీరింగ్ పుస్తకంలో దీన్ని 'నిప్' అంటారు. చాచా వేలిగోరు సందులో పెట్టి చూసి తల ఊపుతాడు.

ఇక్కడ ఓ పట్టీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దపట్టీ చివర గుండ్రంగా చుట్టిన కన్ను ఉంటుంది, దానిలోంచే బోల్టు వెళ్ళి బండికి పడుతుంది. రెండో పట్టీ చివర కూడా ఆ కంటి చుట్టూ సగం చుట్టి ఉంటే దాన్ని మిలిటరీ ర్యాప్ అంటారు. మామూలు రోజుల్లో అది ఆ పని ఏమీ చెయ్యదు. పెద్దపట్టీ విరిగిన రోజున ఇరుసు జారిపోకుండా పట్టుకుంటుంది.

నాకిది ఎలా తెలుసు అంటే, నేనా పట్టీ మీద కూర్చుని ఉన్నా.

1989. నేను ఆరో క్లాసు. మా నాయిన దేవరకొండ - మల్లేపల్లి మధ్య ప్యాసింజర్ జీపు నడిపేవాడు. లోపల పన్నెండు మంది, వెనక నిలబడి నలుగురు, బానెట్టు మీద ఇద్దరు, టాపు మీద గోనెసంచులు, ఒక్కోసారి మేక. మనిషికి రూపాయిన్నర. ఏడాదికి రెండుసార్లు జీపు వేసుకుని కమాన్ల పనికి పట్నం వచ్చేవాడు. అప్పుడు నన్నూ తెచ్చేవాడు. బండి కొలిమి దగ్గర వదిలేసి, గౌలిగూడ బస్టాండు (2018 లో కూలిపోయిన పాత హ్యాంగరే) దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. అదే నా హైదరాబాదు అప్పట్లో.

ఒకసారి అలా పట్నంలో మేస్త్రీ, "రెండో పట్టీకి కూడా కన్ను చుట్టిస్తా, ఇంత డబ్బు అదనం" అన్నాడు. నాయిన గంటసేపు బేరమాడి, చివరికి చేయించాడు. ఆ డబ్బు నా స్కూలు బూట్లకి దాచింది. నేను అలిగా, బాగా గుర్తు. నాలుగు నెలల తర్వాత పద్దెనిమిది మందితో చింతపల్లి సంత నుంచి వస్తుంటే ముందు ఎడమ పెద్దపట్టీ కన్ను దగ్గర విరిగింది. స్టీరింగు ఓ పక్కకి గుంజింది, జీపు కంపచెట్టులోకి పోయి ఆగింది. ఇరుసు ఊడలేదు. అందరూ దిగి తిట్టుకుంటూ నడుచుకుంటూ పోయారు. నాయిన ఒక్కడే బండి కింద పడుకుని చాలాసేపు లేవలేదు. దెబ్బ తగిలిందేమో అని భయపడి నేనూ దూరా. ఆ రెండో పట్టీని పట్టుకుని చూస్తున్నాడు.

ఈ రోజు ఓవర్‌లోడు ఆటోని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ట్రాఫిక్ పోలీసుకి ఫోటో పంపిన రోజులు కూడా ఉన్నాయి. పద్దెనిమిది మందిని ఎక్కించడం తప్పు, అందులో నాకు రెండో మాట లేదు. అలాంటి జీపులు బోల్తా పడి పోయినవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. కానీ నా ఇంజనీరింగ్ ఫీజు ఆ ఏడో మనిషి దగ్గర్నుంచి పద్దెనిమిదో మనిషి దాకా ఇచ్చిన రూపాయిన్నరలే. ఆర్టీసీ బస్సు రోజుకి రెండుసార్లొచ్చే ఊరికి జీపు తప్ప దిక్కులేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే నాకిప్పటికీ సందు కనిపిస్తుంది. ఏ బోల్టూ బిగించలేకపోయా.

మళ్ళీ చాచా దగ్గరికి. సాయంత్రానికి హ్యాంగర్ వెల్డింగ్ అయింది, లోపల ఓ ప్లేటు కూడా వేశాడు. నా 8 మిల్లీమీటర్ల ఘనకార్యం రెండూ తీసి పక్కన పారేశాడు. పాత ఏడింటికీ వంపు తెప్పించాడు. అన్నిటికన్నా కింద, దాదాపు చదునుగా ఉన్న పట్టీ ఒకటి వేశాడు. ఖాళీ బండికి అది మిగతావాటిని తాకీ తాకనట్టు ఉంటుంది, బరువు ఎక్కి కట్ట కిందకి దిగితేనే పనిలోకి వస్తుంది. ట్రాఫిక్ పెరిగితేనే లేచే సర్వర్లకి మనం క్లౌడు వాళ్ళకి నెలనెలా కట్టేది దీనికే! ఆస్ట్రేలియాలో ఎడారి ప్రయాణాలకి స్ప్రింగులమ్మే పేరున్న కంపెనీలు కూడా మొదట అడిగేది 'ఎప్పుడూ ఉండే బరువెంత' అనే. చాచా అడిగిన ఖాలీ-భర్ ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా స్ప్రింగు అడగడం, యూజర్లెంతమందో చెప్పకుండా సర్వరు అడగడం ఒకటే. మన క్లయింట్లు అలా అడిగితే తిట్టుకుంటాం కదా. నేను అదే చేశా.

షాక్ అబ్జార్బర్లు మాత్రం కొత్తవి కొనమన్నాడు, కొన్నా. ఇంకో మాట, ఉత్సాహం ఉన్నవాళ్ళకి. మోటారు వాహనాల చట్టం 52 వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. అరిగిన కట్టకి వంపు తెప్పించడం వేరు, బండిని రెండడుగులు లేపడం వేరు.

చాచా కొడుకులు ఈ పనిలో లేరు. ఒకాయన గల్ఫ్‌లో, ఒకాయన మొబైల్ షాపు. రావల్సిన అవసరమూ తగ్గింది. 2010 లో వచ్చిన మొదటి థార్‌కి ముందు టార్షన్ బార్లు, వెనక మాత్రమే పట్టీలు. 2020 థార్‌లో వెనక కూడా కాయిల్ స్ప్రింగులే. కాయిల్ కుంగితే కాల్చి కొట్టరు, పార్ట్ నంబరు చూసి మారుస్తారు. బండి బాగా నడుస్తుంది, అబద్ధమెందుకు, నడిపి చూశా, నా నడుముకి హాయిగా ఉంది. లారీలు ఉన్నంతకాలం చాచా లాంటివాళ్ళకి పని ఉంటుంది, జీపులకి మాత్రం ఇక కొద్ది రోజులే. మా ఆఫీసులో ఒకడు హైదరాబాదు ఇంజనీరింగ్ చరిత్ర 1998 సైబర్ టవర్స్‌తో మొదలైందంటాడు. వాణ్ణి ఓసారి పురానాపూల్ తీసుకెళ్ళాలి.

తీసుకెళితే ఉక్కు సంగతి కూడా చెప్పాలి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారని 1820 ల్లో చూసిన వోయ్‌సీ అనే సర్వే డాక్టరు రాశాడు. డమాస్కస్ కత్తుల ముడిసరుకు అది. ఇంగ్లీషువాళ్ళ 'వూట్జ్' వెనక ఉన్నది మన ఉక్కు అనే మాటే. ఆ కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. ఇప్పటి మన కమ్మర్లకి మంచి ఉక్కు ఎక్కడ దొరుకుతుందంటే, లారీ కింద. విరిగిన కమాన్ పట్టీలే కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు అవుతాయి. బక్రీదు ముందు పాతబస్తీలో కొత్త కత్తులు చాలావరకు ఎవరో లారీ కింద లక్ష కిలోమీటర్లు తిరిగొచ్చినవే.

ఆ రాత్రి నాయినకి ఫోన్ చేసి జరిగింది చెప్పా. జీపు అమ్మేసి పదిహేనేళ్ళయింది, ఇప్పుడు ఊళ్ళో రెండెకరాల బత్తాయి తోట. అంతా విన్నాడు. 68 శాతం లెక్క కూడా ఓపిగ్గా విన్నాడు. తర్వాత అడిగాడు.

"తీసేసిన పట్టీలు తెచ్చినవా?"

"లేదు నాయినా, అక్కడే వదిలేసిన."

"పిచ్చోడా, ఎనిమిది మందం అంటివి గద. మంచి ఉక్కురా అది. గొడ్డలయితది."

తర్వాతి శనివారం వెళ్ళా. ఒకటి అప్పటికే కమ్మరి పట్టుకుపోయాడు. రెండోది చాచా దాచి ఉంచాడు, డబ్బులు తీసుకోలేదు. ప్రస్తుతానికి మా బాల్కనీలో ఉంది, దసరాకి ఊరెళ్ళేటప్పుడు జీపులో వేసుకెళ్ళాలి. బరువు కూడా తూచా.